అడగకుండా తీసిన షాటు

పక్షవాతం వచ్చాక మాట పడిపోయిన భర్త చేత రోజూ పొద్దున్నే నాలుగు మాటలు పలికించడం ఆ ఇంటి ఇల్లాలి పని. "చెంచా" అనమంటే ఆయన "చె... చె..." దగ్గరే ఆగిపోతారు. "నెమ్మదిగా చెప్పండి, నాకేం బస్సు తప్పిపోవట్లేదు" అంటుంది ఆవిడ. ఆయన నవ్వుతారు. ఒకప్పుడు ఆయన బస్సు కండక్టరు. ఆ గొంతు వింటే వెనక సీట్లో గుర్రుపెట్టి నిద్రపోయేవాడు కూడా లేచి టికెట్టు తీసుకునేవాడు. ఇప్పుడు ఆ గొంతే ఒక్కో అక్షరాన్ని బతిమాలుకుంటోంది.

కూతురు పక్క గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ఆమె డాక్యుమెంటరీలు తీస్తుంది, అవీ సేవాసంస్థల కోసం. "పెళ్ళి వీడియోలు తీసుకున్నా నాలుగు రాళ్ళు మిగిలేవి" అని తల్లి దెప్పుతుంది కానీ, నలుగురిలో కూతురి సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు ఒక మెట్టు పైకి లేస్తుంది. అందులోనూ ఎక్కువగా చెప్పేది కూతురి పద్ధతి గురించి. ఎవరి మీద సినిమా తీసినా లోకానికంటే ముందు వాళ్ళకే చూపిస్తుంది. వాళ్ళు వద్దన్న ముక్క తీసేస్తుంది. ఒకసారి ఒక పనిమనిషి తన పగిలిన చేతులు చూపించొద్దంటే, సినిమా మొత్తంలో బాగా వచ్చిన దృశ్యాన్ని మారుమాట లేకుండా కత్తిరించేసింది.

ఆ సాయంత్రం ఒక సంస్థ దాతల సమావేశం. పక్షవాతంతో మాట పోయినవాళ్ళకు ఉచితంగా మాట నేర్పే సంస్థ అది. తండ్రి వెళ్ళేదీ అక్కడికే. అక్కడ వేయడానికి కూతురు తీస్తున్న సినిమాలో కనిపించడానికి ఒప్పుకున్న పెద్దమనిషి గడువు దగ్గరపడ్డాక వెనక్కి తగ్గాడు. అప్పుడు కూతురు, కొత్త కెమెరా సరిచూసుకుంటున్నానని చెప్పి, ఇంట్లో తండ్రి సాధన చేస్తుంటే తీసింది. మొదట నిజంగానే సరిచూసుకుంది. తరవాత ఆ ముక్కలే పేర్చి సినిమా చేసింది. ఇంట్లోవాళ్ళే కదా, చెప్పొచ్చులే అనుకుంది. చెప్పలేదు. సంస్థ నడిపే మేడమ్ అది చూసి, చివరి షాటు దగ్గర ఏడ్చేశానని ఫోన్ చేశారు. అందరినీ సమావేశానికి రమ్మని పిలుస్తూ ఆ చివరి ముక్కనే ఫోన్లలో పంపించారు.

అది చేతులు మారి మారి పక్కింటావిడకు చేరింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గరే తల్లికి చూపించింది. తల్లి ఆవిణ్ణి ఏదో చెప్పి పంపించేసి, నేరుగా కూతురి గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మీ నాన్నకి చెప్పావా?"

"చెబుదామనే అనుకున్నానమ్మా."

"ఊళ్ళో అందర్నీ అడుగుతావు. పసిపిల్లల్ని కూడా అడుగుతావు. మేమేం, అడగక్కర్లేని వాళ్ళమా?"

కూతురికి రోషం వచ్చింది. ఈ సినిమా చూసి దాతలు ముందుకు రాకపోతే ఆ సంస్థ మూతపడుతుందని చెప్పింది. అప్పుడు నాన్నే ఎక్కడికి వెళ్తారని అడిగింది. ఆయన పడే కష్టంలో సిగ్గుపడాల్సింది ఏముందని కూడా అంది. తల్లి అంతా విని గొంతు తగ్గించింది. "నువ్వేమన్నా చెప్పు. ఆయనకి మాత్రం చూపించకు."

వంకరపోయిన మూతిని తెరమీద చూసుకుని తండ్రి కుంగిపోతారని అమ్మ భయమనుకుంది కూతురు. ఆయన పసిపిల్లాడు కాదని వాదించింది. మాటా మాటా పెరిగింది. అంతలో తలుపు తెరుచుకుంది. చేతికర్ర పట్టుకుని తండ్రి నిలబడి ఉన్నారు.

"చూ... చూపించు" అన్నారు.

కూతురు కుర్చీ జరిపి ఆయన్ను కూర్చోబెట్టింది. తెరమీద తన నోరు ఒక్క మాట కోసం మెలికలు తిరుగుతుంటే ఆయన కళ్ళార్పకుండా చూశారు. కోపం లేదు, చిన్నతనం లేదు. తెరమీది మనిషికి సాయం చేస్తున్నట్టు తనూ పెదవులు కదిపారు. ఆ మనిషి "చెంచా" అన్నాక ఈయనా అదే మాట అని, తృప్తిగా తలాడించారు.

తరవాత చివరి షాటు వచ్చింది. కెమెరా ఆయన భుజం మీదుగా, వెనకున్న వంటింట్లోకి వెళ్ళింది. అంతకుముందే వేళాకోళమాడి ఆయన్ను నవ్వించిన మనిషి, గోడవైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. చప్పుడు బయటికి రాకుండా కుళాయి పూర్తిగా విప్పి ఉంది.

ఆయన వెనక్కి తిరిగి భార్యను చూశారు. ఆవిడ తలెత్తలేదు. మళ్ళీ పెట్టమని ఆయన వేలితో చూపించారు. మళ్ళీ చూశారు.

అమ్మ భయం దేనికో కూతురికి అప్పుడు అర్థమైంది. నాన్న ధైర్యం చెదరకూడదని ఏడుపు దాచి రోజూ నవ్వు మొహంతో ఆయన ముందు కూర్చుంటోంది అమ్మ. ఆ దాపరికాన్ని తన కెమెరా ఊరందరి ముందూ పరిచేసింది.

"నన్ను... ఉంచు" అన్నారు తండ్రి. తరవాతి మాటకు చాలాసేపు పట్టింది. ఎవరూ అందివ్వలేదు. "అమ్మని... తీసెయ్."

"అలాగే నాన్నా" అంది కూతురు. తల్లివైపు తిరిగింది. "నిన్ను అడగలేదమ్మా. తప్పు నాదే."

అక్కడే నిలబడి మేడమ్‌కు ఫోన్ చేసింది. ఆ షాటు పోతే సినిమాలో ప్రాణం ఏముంటుందని మేడమ్ నచ్చజెప్పబోయారు. దాతలను కదిలించేది అదొక్కటేనన్నారు. అది నిజమని కూతురికీ తెలుసు.

"అది మా అమ్మది మేడమ్. ఆవిడ ఇవ్వలేదు. మీరు ఎవరెవరికి పంపారో వాళ్ళందరికీ ఫోన్ చేసి దాన్ని తీసేయమని చెప్పండి" అంది. ఫోన్ పెట్టేసి, ఇద్దరూ చూస్తుండగానే ఆ ముక్క కత్తిరించింది.

పొయ్యి మీద ఏదో మాడిపోతోందంటూ తల్లి తలుపు వైపు కదిలింది. పొయ్యి మీద ఏమీ లేదు. తండ్రి బాగున్న చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకున్నారు.

"ఇక్కడే... ఏడువు" అన్నారు.

ఆవిడ అలవాటుగా ఏదో వేళాకోళమాడబోయింది. నోరు తెరిచింది. ఈసారి మాట రానిది ఆవిడకే. వంగి ఆయన భుజం మీద తల పెట్టుకుని, గొంతు దాచుకోకుండా, బావురుమని ఏడ్చింది. కూతురు కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళిద్దర్నీ ఆ గదిలోనే వదిలి బయటికి వెళ్ళిపోయింది.