ఓర్లా కోసం ఉంచిన చోటు

"చాలు, చాలు! ఇంకా లాగితే మన పడవ మిసెస్ డాకిన్స్ వంటింట్లోకి దూరుతుంది" అన్నాడు నాన్న, గట్టు మీద నిలబడి.

హెస్టర్ మోకు లాగడం ఆపింది. వాళ్ళ పడవ పేరు మేరీగోల్డ్. రైలు పెట్టెని కాలవలోకి దింపినట్టు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. లోపల రెండు పడకలు, ఒక పొయ్యి, పదేళ్ళ హెస్టర్ నెత్తి కొట్టుకోవడానికి కనీసం ఆరు చోట్లు ఉన్నాయి.

నాన్న రెండు మోకుల్నీ గట్టు మీది ఇనుప కడియాలకి బిగించాడు. ఆ రేవులో నాలుగు పడవలు పడతాయి. ముందు అప్పటికే రెండున్నాయి, దగ్గరిది మిసెస్ డాకిన్స్‌ది. మేరీగోల్డ్ మూడోది. వెనక ఇంకొక్కదానికి చోటుంది. ఆ తరవాత అంతా రెల్లు.

"ఆ చోటు ఓర్లా వాళ్ళది" అంది హెస్టర్.

"ముందొచ్చిన వాళ్ళది" అన్నాడు నాన్న. "ఊళ్ళోకెళ్ళి పాలూ, సాసేజ్ రోల్సూ పట్టుకొస్తా. లైఫ్ జాకెట్ విప్పకు. మోకుల జోలికి పోకు."

ఓర్లా బ్రిజెట్ అత్త కూతురు. రెండేళ్ళ కిందటిదాకా పక్క వీధిలోనే ఉండేది. తరవాత అత్తావాళ్ళు స్కాట్లాండ్ వెళ్ళిపోయారు. ఏటా వేసవి సెలవల్లో వాళ్ళు పడవ అద్దెకి తీసుకుని అటునుంచి రావాలి, వీళ్ళు ఇటునుంచి వెళ్ళాలి, ఈ రేవులో ఒక రాత్రి కలిసి ఉండాలి. అదీ ఒప్పందం. మర్నాడు మళ్ళీ ఎవరి దారి వాళ్ళది. పోయినేడు ఎక్కడో, నీళ్ళు పెంచి తగ్గించి పడవల్ని ఎక్కించి దించే లాకు తలుపు విరిగి ఆ ఒక్క రాత్రీ పోయింది.

"ఫోన్లో రోజూ మాట్లాడుకుంటారుగా" అంటారు పెద్దవాళ్ళు. పెద్దవాళ్ళకేం, ఏమైనా అంటారు. ఒకే దుప్పట్లో దూరి నవ్వు ఆపుకోవడం ఫోన్లో కుదురుతుందా? ఈ రాత్రి కోసం హెస్టర్ మార్చి నెల నుంచి కేలండర్లో రోజులు కొట్టేస్తోంది.

నాన్న వంతెన దాటగానే ఆమె వెనక చోటు వైపు చూసింది. ఎవరో ఒకరు వస్తారు. వచ్చి అందులో పడవ కట్టేస్తారు. అప్పుడు ఓర్లా ఏమవుతుంది?

హెస్టర్‌కి ఒక ఉపాయం తట్టింది. మోకులు వదులు చేసింది. వెనక మోకు పట్టుకుని మెల్లిగా లాగింది. నీళ్ళ మీద పడవ బరువు తెలియదు. ఓపిగ్గా లాగితే అదే వస్తుంది. మేరీగోల్డ్ సగం దూరం వెనక్కి జరిగింది. ఇప్పుడు ముందు సగం పడవ చోటు, వెనక సగం పడవ చోటు. ఎక్కడా ఎవరూ పట్టరు. ఓర్లా వచ్చాక మళ్ళీ ముందుకి జరిపితే సరి!

మోకులు కట్టి, చేతులు దులుపుకుని కూర్చుంది. పావుగంటలో ఆకుపచ్చ పడవ ఒకటి వచ్చింది. చుక్కాని దగ్గర ఒక్క ముసలాయనే ఉన్నాడు. పైకప్పు మీద జూలు కుక్క ఒకటి పడుకుని ఉంది.

"పాపా, మీ పడవ కాస్త ముందుకి జరిపితే వెనక నా పడవా పడుతుంది. మీ నాన్న ఉన్నాడా?"

"లేరండీ. ఇక్కడ చోటు లేదు. మా వాళ్ళు వస్తున్నారు."

ముసలాయన ముందు ఖాళీ చూశాడు. వెనక ఖాళీ చూశాడు. కాలవ మీద తిరిగేవాడికి అదేమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

"నా మోకాలు బాగాలేదు తల్లీ. ఇంకో రేవు కావాలంటే మెట్ల లాకు దిగి పోవాలి."

హెస్టర్ తన బూట్లకేసి చూసుకుంది. "మా వాళ్ళు వచ్చేస్తున్నారండీ" అంది మళ్ళీ.

"సరే అయితే" అన్నాడాయన. ఆకుపచ్చ పడవ టుక్ టుక్‌మంటూ వంతెన కిందనుంచి వెళ్ళిపోయింది. కుక్క మాత్రం కనుమరుగయ్యేదాకా హెస్టర్‌నే చూసింది.

నాన్న తిరిగొచ్చేసరికి వాన మొదలైంది. మిసెస్ డాకిన్స్ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఏమయ్యా రోలండ్, కాస్త కునుకు తీసి లేచేసరికి నీ పడవ ఒళ్ళు చేసిందే! రెండు పడవల చోటు తింటోంది!"

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. కాలవ మీద తిరిగేవాళ్ళకి అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

"ఎవరు జరిపారు?"

"నేనే."

"ఈలోగా ఎవరైనా వచ్చారా?"

"లేదు" అంది హెస్టర్. ఆ మాట నోట్లోంచి దానంతటదే జారింది.

ఇద్దరూ వానలో పడవని ముందుకి లాగారు. వెనక చోటు ఖాళీగా, వాన చినుకులతో మిగిలింది.

మూడైంది. నాలుగైంది. ఎక్కడ ఇంజన్ చప్పుడు వినిపించినా హెస్టర్ బయటికి పరిగెత్తింది. అయిదుంబావుకి నాన్న ఫోన్ మోగింది. ఆయన స్పీకర్ పెట్టాడు.

"మేం మెట్ల లాకు కిందే చిక్కుకుపోయాంరా" అంది బ్రిజెట్ అత్త.

మెట్ల లాకులో అయిదు గదులు ఒకదాని పైన ఒకటి ఉంటాయి. ఒక పడవ దిగుతుంటే ఇంకొకటి ఎక్కడానికి వీల్లేదు. సాయంత్రం అయిదింటికి తలుపులకి తాళాలు పడతాయి.

"మా వంతు రాబోతుంటే పైనుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఒక్కడే, కాలీడ్చుకుంటూ. పైన పడవ కట్టుకునే వీలే లేదాయె. పోనీలే అని లాకు వాళ్ళు ముందు ఆయన్ని దింపారు. దిగేసరికి టైమైపోయింది. మీ రేవులో చోటు లేదట పాపం."

హెస్టర్ ఫోన్ దగ్గరికి జరిగింది. "కుక్క ఉందా అత్తా?"

"ఉంది. నీకెలా తెలుసే?"

చెప్పింది. అంతా చెప్పింది. నాన్నతో లేదని అబద్ధమాడానని కూడా చెప్పింది. నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

"ఇప్పుడు బయల్దేరదాం నాన్నా. మనమే వెళ్దాం."

"చేరేసరికి తొమ్మిది దాటుతుంది. చీకట్లో, ఈ వానలో పడవ నడపలేనమ్మా."

"రేపు రెండింటికి మేం పడవ అప్పజెప్పాలి. నాలుగింటికి రైలు" అంది అత్త. "దారిలో ఎదురుపడతాం కదా. అప్పుడు చూసుకోండి."

"అత్తా, ఆ తాతగారు దగ్గర్లో ఉన్నారా?"

"మా పడవలోనే సూప్ తాగుతున్నారు. ఇదిగో."

"తాతగారూ... చోటుంది. నేనే లేదన్నాను. సారీ అండీ."

"తెలుసు తల్లీ. బాగాలేనిది మోకాలు, కళ్ళు కాదు" అన్నాడాయన. "నాకేం కోపం లేదు. తడిసింది మా కుక్క. మీ ఓర్లా దాన్ని ఒళ్ళో పెట్టుకుని తుడుస్తోందిలే."

ఆ క్షణాన హెస్టర్ ఆ కుక్కని చూసి కుళ్ళుకున్నంతగా ఎప్పుడూ ఎవర్ని చూసీ కుళ్ళుకోలేదు.

ఆరింటికి పిల్లల అరుపులతో ఒక పడవ వచ్చింది. "చోటుందా?" అని కేకేశారు. నాన్న లేవబోయాడు. అప్పటికే హెస్టర్ వానలోకి దిగి, మోకు అందుకోవడానికి చెయ్యి చాపింది. ఓర్లా కోసం ఉంచిన చోట్లో ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళు పడవ కట్టుకుని, టీ పెట్టుకున్నారు. ఆ రాత్రి హెస్టర్ పడక సగం ఖాళీగా ఉంది.

మర్నాడు పది దాటాక, కాలవ సన్నబడిన చోట, ఎదురుగా ఎర్ర పడవ కనిపించింది. దాని ముందు భాగంలో ఓర్లా గెంతుతోంది. రెండేళ్ళలో ఎంత పొడుగైపోయిందో!

అత్తా, నాన్నా ఇంజన్లు ఆపేశారు. రెండు పడవలూ ఆనుకున్నాయి. కాలవ మొత్తం నిండిపోయింది.

"అయిదు నిమిషాలే" అంది అత్త. ఆ మాట పూర్తయ్యేలోపే ఓర్లా మేరీగోల్డ్‌లో ఉంది.

"నీ జుట్టేమైందే?"

"కత్తిరించుకున్నా. నీ పన్నేమైంది?"

"ఊడింది. ఫోన్లో చెప్పాగా!"

"ఫోన్లో ఇంత పెద్ద కంత కనబడలేదు!"

పడీ పడీ నవ్వారు. ఆ తరవాత ఊరికే చేతులు పట్టుకుని కూర్చున్నారు.

అప్పుడు హెస్టర్ చూసింది. ఎర్ర పడవ వెనక ఇంకో పడవ వచ్చి ఆగి ఉంది. చుక్కాని దగ్గరున్న ఆవిడ హారన్ కొట్టలేదు. జరగమనీ, తప్పుకోమనీ అనలేదు. కప్పులో టీ తాగుతూ ఆగింది. నాన్న చూశాడు, చూడనట్టు చెట్లకేసి తిరిగాడు. అత్త వాచీ చూసుకుని ఊరుకుంది. వాళ్ళిద్దరూ పిల్లల్ని లేవమనేలా లేరు.

ఇంకొక్క నిమిషం. ఒక్కటంటే ఒక్కటి. ఎవరూ ఏమీ అనరు.

హెస్టర్ ఓర్లా చేతిని గట్టిగా నొక్కింది. నొక్కి వదిలేసింది.

"వెళ్ళవే. వెనక వాళ్ళు ఆగి ఉన్నారు."

"అప్పుడేనా?" అంది ఓర్లా. కళ్ళనిండా నీళ్ళు.

"నాకూ లేదు వెళ్ళమనాలని. వెళ్ళు."

ఓర్లా తన పడవలోకి దూకింది. రెండు పడవలూ విడిపోయాయి. ఎర్ర పడవ మలుపు తిరిగేదాకా హెస్టర్ చెయ్యి ఊపుతూనే ఉంది. కళ్ళు తుడుచుకుంది. తరవాత ఆ చెయ్యే ఎత్తి, ఆగి ఉన్న ఆవిడ వైపు తిరిగి గట్టిగా కేక వేసింది.

"దారుందండీ, రండి!"