పసుపు దంచినంక

తెల్లారి వాకిలి చల్లుతున్నప్పుడే గోపమ్మ నోరు మొదలైంది. ఆమె నోటికి కోడి, చీపురు, కూతురు అన్నీ ఒకటే.

"మా ఇంట్ల మారుమనువులు లేవని నిన్న వాని ముఖం మీదనే చెప్పిన గద. మళ్ల ముఖం ఎందుకే గట్ల పెట్టుకున్నవ్?"

కూతురు ఈదమ్మ పలకలు తుడుస్తూనే ఉంది. మొగుడు విషజ్వరంతో పోయి మూడేళ్లయింది. నిన్న బండి తోలే నర్సింహ వచ్చి, ఈదమ్మను పెళ్లి చేసుకుంటానని మర్యాదగా అడిగాడు. తల్లి చెంబెడు మంచినీళ్లయినా ఇవ్వకుండా అతన్ని వెళ్లగొట్టింది.

"ఇయ్యాల ఆడోళ్లను పిలువకు. డప్పు కొట్టి చెప్పిండ్రు, ఇన్నవా లేదా? పెండ్లికో సావుకో తప్ప హుకుం లేకుంట నలుగురు ఒక్క జాగల కూసుంటే ఠాణకే."

"ఇన్ననమ్మా. ఇయ్యాల్నే ఆఖరు. అందరు పేర్లు రాస్తే అర్జీ హుజూర్‌నగర్ తహసీలుకు పోతది."

"పటేలు నిన్ను గుంజుకపోతే నేనెట్ల బతకాలె?"

ఆ రోజుల్లో నిజాం సర్కారు నలుగురు కలిసి మాట్లాడుకుంటేనే భయపడేది. ఇక ఆడవాళ్ల చేతిలో బలపం కనబడితే చెప్పనే అక్కర్లేదు.

పొద్దెక్కాక ఎనిమిది మంది వచ్చారు. ఆరు నెలలుగా ఈదమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్లే అందరూ. గోపమ్మ ఎవరినీ పలకరించలేదు. ఏడాదికని తెచ్చిన పసుపు కొమ్ములు ముందు పోసుకుని, మూలన రోటి దగ్గర దంచుతూ కూర్చుంది. ఒక్కొక్కరే తమ పేరు రాశారు. చివరికి ఈదమ్మ తన పేరూ రాసి, అర్జీ చదివి వినిపించింది.

"పాలు తాగే పిల్లలున్న తల్లులను గడీలో వెట్టికి పిలవరాదని..."

రోకలి ఆగింది. ఈదమ్మ తలెత్తి చూసింది. తనకంటే ముందు అన్న ఒకడు పుట్టాడని, తల్లి దొర కోటలాంటి గడీలో కూలి లేని వెట్టికి వడ్లు దంచుతున్న పూట ఇంట్లో పాలకు ఏడ్చి ఏడ్చి పోయాడని మేనత్త చెప్పగా విన్నదే. తల్లి మాత్రం ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

అంతలో వీధిలో పోలీసు పటేలు గొంతు వినబడింది. ఊరి మీద సర్కారు కన్ను అతనే. కాగితం మీద ఈదమ్మతో కలిపి తొమ్మిది పేర్లున్నాయి, అది దొరికితే తొమ్మిది ఇళ్లు ఆరిపోతాయి.

గోపమ్మ లేచి కాగితం లాక్కుని రొండిన దోపింది. పలకలు గంప కిందికి తోసింది. రోకలికి దారంతో ఒక పసుపు కొమ్ము కట్టి, "కూసోండ్రి. పాట అందుకోండ్రి" అంది.

పటేలు గుమ్మంలోకి వచ్చాడు. "ఏందే గోపమ్మా, సభ పెట్టినవా?"

"సభేంది పటేలా. పెండ్లి పసుపు దంచుతున్నం."

"నీ ఇంట్ల పెండ్లికి ఎవలున్నరే?"

గోపమ్మ కూతురి వైపు చూసింది. "నా బిడ్డ ఉంది."

"మారుమనువుకు పసుపు దంచుడు ఎక్కడన్న జూసినమా?"

"నా బిడ్డకు తక్కువెందుకు జేస్త? పిల్లగాడు బండి తోలే నర్సింహ."

ఆ మాటతో రోకలి తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. మూడేళ్లుగా ఈదమ్మను శుభానికి ఎవరూ పిలిచింది లేదు. తల్లి పచ్చటి చేత్తో ఆమె రెండు చెంపలకూ పసుపు రాసింది. ఆడవాళ్ల పాట మధ్యలో వణికింది గానీ ఆగలేదు.

పటేలు ఇల్లంతా కలియజూశాడు. "పున్నం లోపల పెండ్లి గాకపోతే తల్లిబిడ్డలిద్దరిని ఠాణల ఏయిస్త" అని వెళ్లిపోయాడు.

అతను మలుపు తిరిగేదాకా ఈదమ్మ దంచుతూనే ఉంది. తర్వాత పాట ఆగింది, ఆమె రోకలి పక్కన పెట్టింది. "పోయిండమ్మా. నన్ను కాపాడినవ్, నీ కాళ్లు మొక్కుత. గని నాకోసం అంత అబద్ధమాడితివి."

"అబద్ధం ఎవలాడిండ్రే? పసుపు దంచినంక పెండ్లి ఆపుతరా ఎక్కడన్న?" గోపమ్మ రొండిలోంచి అర్జీ తీసింది. దాన్ని కూతురి చేతికిచ్చింది. "దీంట్ల నా పేరు గూడ రాయి బిడ్డా. నీ అన్న సంగతి గూడ రాయి. ఇన్నేండ్లాయె, ఎవలడిగిండ్రు నన్ను? ఇయ్యాల నువ్వు సదువుతుంటే నన్ను అడిగినట్టే అయింది."

ఈదమ్మ తల్లి ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. ఈ నోటికి జడిసి ఇన్నాళ్లూ దూరంగా ఉన్నందుకు సిగ్గుపడింది. ఈ తల్లి కడుపున పుట్టడం ఎంత అదృష్టమో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

కాసేపటికి గోపమ్మ కూతురి తల పక్కకు జరిపి లేచింది.

"ఏడికమ్మా?"

"నర్సింహ ఇంటికి. పెండ్లని ఊరంతకు ఎరుకాయె, పెండ్లికొడుకుకే ఎరుక లేదు."

కుండలోంచి చెంబు నిండా మంచినీళ్లు ముంచుకుని, పసుపు చేతులు కడుక్కోకుండానే ఆమె వీధిలోకి నడిచింది.