అడుగు ముందుకేస్తే అవును

ఎన్‌కార్నసియోన్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర దాటిందంటే కుక్క కూడా మొరగదు. తిండి తిని, తలుపులు దగ్గరగా వేసుకుని, ఊరు ఊరంతా మూడింటిదాకా పడుకుంటుంది. ఆ సియెస్తా వేళ మెలకువగా ఉండేది ఎండా, నిమియా, ఇద్దరే. పొద్దున్నంతా టెలిఫోన్ ఆఫీసులో జనం ఫిర్యాదులు విని విని చెవులు చిల్లులు పడ్డాక, తనకంటూ మిగిలేవి ఆ రెండు గంటలే. అమ్మ పక్కగదిలో గుర్రుపెట్టగానే నిమియా చల్లటి తెరెరే కషాయం గ్లాసు పక్కన పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది.

నిమియాకి ముప్పై ఆరేళ్ళు. ఎనిమిదేళ్ళ కిందట మోటార్ సైకిల్ ప్రమాదంలో కుడిచెయ్యి మోచేతిదాకా పోయింది. ఏడవాల్సిందంతా అప్పుడే ఏడ్చేసింది. ఒక్క వీడియో గేముల దగ్గర మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండేది. ఏ ఆట చూసినా రెండు చేతులూ కావాలంటుంది! అందుకే తనలాంటివాళ్ళని నలభైమందిని పోగేసి ఫోన్లో ఒక గుంపు పెట్టింది. పేరు సగాల సంఘం. ఏ ఆట ఒంటిచేత్తో ఆడొచ్చు, ఏది ఆడలేం అన్నదే అక్కడ రాత్రింబవళ్ళూ గోల. రెండు చేతులున్నవాడి సిఫార్సు చెల్లదన్నది అక్కడి కట్టుబాటు.

"ఆ చేపలాట ఒంటిచేత్తో హాయిగా ఆడొచ్చని రాశాడే ఒకడు, వాడి మొహం మండా!" అని ఆ మంగళవారం పొద్దున గ్లాదీస్ వాయిస్ మెసేజీ పెట్టింది. "చివర్లో తిమింగలం వచ్చినప్పుడు రెండు పక్కలా ఒక్కసారే నొక్కాలట. గడ్డంతో నొక్కాను. గడ్డం బొబ్బెక్కింది."

"మరి దేవుడు కాలి బొటనవేలు ఎందుకిచ్చాడు తల్లీ?" అన్నాడు నిమియా ఊరి నదికి అవతలి ఒడ్డున పోసాదాస్‌లో ఉండే తోబియాస్.

"నీ బొటనవేలి కంపుకి తిమింగలం ముందే చచ్చుంటుంది."

ఆ సంఘంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరింట్లో వాళ్ళుండి, రెండు కంట్రోలర్లని ఆటలోని ఒక్క మనిషికే కలిపి ఆడొచ్చు. ఎడమచెయ్యి మాత్రమే పనిచేసేవాళ్ళు, కుడిచెయ్యి మాత్రమే పనిచేసేవాళ్ళు జతకడితే ఇద్దరు సగాలు కలిసి ఒక పూర్తి ఆటగాడవుతారు. నిమియాకి జత దోన్ కసిమీరో. డెబ్భై ఒకటేళ్ళాయన. ఉత్తరాన కోన్సెప్సియోన్‌లో ఒక్కడే ఉంటాడు. ఒకప్పుడు నదిమీద పడవల్లో వంటవాడు. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఇద్దరూ ఏడాదిగా ఉప్పు దారి అనే ఆట ఆడుతున్నారు. అందులో ఒక ఉప్పుబేరగాడు గాడిదని తోలుకుంటూ కొండలు దాటాలి. నడక ఎడమచేతిది, చూపు కుడిచేతిది. ఆయన చూడకపోతే ఈమె గుడ్డిగా నడవాలి, ఈమె నడవకపోతే ఆయన నిలబడి దిక్కులు చూడాలి.

పక్కగదిలో అమ్మ పడుకుని ఉంటుంది కాబట్టి గట్టిగా మాట్లాడ్డానికి వీల్లేదు. అందుకని ఒక సంజ్ఞ పెట్టుకున్నారు. ఆయన ఏదైనా అడిగితే బేరగాడు ఒక అడుగు ముందుకేస్తే అవును, పక్కకేస్తే కాదు.

ఒకే ఒక్క మాటకి మాత్రం నిమియా అడుగు వేసేది కాదు, నోటితోనే చెప్పేది. "ఒక్కసారి మా ఊరు వచ్చిపో తల్లీ, మొహం చూడాలనుంది," అంటాడాయన వారానికోసారి. "వచ్చే నెల బాబాయ్," అంటుంది ఈమె. ఏడాదిలో పన్నెండు నెలలూ అలాగే గడిచిపోయాయి. బస్సు ప్రయాణమంటే బద్ధకం, అంతే. రానని అనడానికి నోరు రాక, వస్తానని చెప్పి ఊరుకునేది.

ఆ మధ్యాహ్నం చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకోగానే ఆయన గొంతు ఖణేల్‌మంది.

"నిన్న అదరగొట్టావు పిల్లా! ఆ సన్నటి కొండచరియ ఒక్కసారైనా జారకుండా దాటేశావే! ఏం తిన్నావేంటి?"

నిమియా నవ్వింది. "నిన్నా? నిన్న మాకు పొద్దున్నించీ కరెంటే లేదు బాబాయ్. గాలివానకి తీగలు తెగిపోయాయి. చీకటి పడ్డాక వచ్చింది. ఫోన్ కూడా చచ్చిపోతే నీకు చెప్పలేకపోయాను."

"వేళాకోళాలాడకు."

"అమ్మ మీద ఒట్టు."

అవతల ఫ్యాను గిర్రుమంటున్న చప్పుడు. దూరంగా నదిలో పడవ కూత.

"మరి నిన్న రెండు గంటలు నాతో నడిచిందెవరు?"

"మాట్లాడావా?"

"నేను మాట్లాడాను. నువ్వు... అది అడుగులేసింది. మీ అమ్మ పడుకుందేమో అనుకున్నాను."

"ఏమడిగావు బాబాయ్?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. సిగ్గుపడుతున్నట్టు తెలుస్తూనే ఉంది. "ఎప్పుడూ అడిగేదే. మా ఊరు వస్తావా అన్నాను. అడుగు ముందుకేసింది. రేపే వస్తావా అన్నాను. మళ్ళీ ముందుకే. ఇంక నాకు పట్టపగ్గాలు లేవు. ఐసు ఫ్యాక్టరీ పక్క సందు, ఆకుపచ్చ గేటు అని చెప్పాను. గడియ తీసి ఉంచుతానన్నాను. పక్కావిడ చేత సోపా రొట్టె కూడా చేయించాను. పొద్దున్నించీ వీధివైపే చూస్తూ కూర్చున్నాను. నువ్వేమో ఇలా ఆటలోకి వచ్చావు."

ముందు సిగ్గేసింది నిమియాకి. మొక్కజొన్న రొట్టె చేయించుకుని ఆ ముసలాయన గేటువైపు చూస్తూ కూర్చోవడం కళ్ళకి కట్టింది. భయం ఆ తర్వాత వచ్చింది. కంట్రోలర్ తీసి బల్లమీద పెట్టేసింది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

తెరమీద బేరగాడు గాడిద పక్కన నిలబడి ఉన్నాడు. కొండమీద పొగమంచు కదులుతోంది.

"ఏమయ్యా," అన్నాడు దోన్ కసిమీరో ఆ బేరగాడితో, సగం నవ్వుతూ. "నిన్న నాతో ఉన్నది నువ్వేనా?"

బేరగాడు ఒక అడుగు ముందుకేశాడు.

"చూశావా! వేళాకోళం కాకపోతే..."

"బాబాయ్..." అంది నిమియా. "నేను కాదు. నా చెయ్యి ఒళ్ళో ఉంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఈసారి చిన్నగా అడిగాడు. "నువ్వు నిమియా వాళ్ళింట్లో ఉన్నావా?"

పక్కకి ఒక అడుగు.

"దూరంగా ఉన్నావా?"

పక్కకి.

"మా ఊళ్ళోనా?"

ముందుకి.

"అడగొద్దు బాబాయ్! ఇంకేం అడగొద్దు..."

అడక్కుండా ఉండలేకపోయాడు పాపం. మీరైనా అంతే, నేనైనా అంతే.

"మా... సందులోనా?"

ముందుకి ఒక అడుగు.

ఆగలేదు. ఎవరూ అడగలేదు. ఇంకో అడుగు. ఇంకోటి... ఇంకోటి... గాడిదని అక్కడే వదిలేసి బేరగాడు తిన్నగా నడుచుకుంటూ పోయాడు. పోయి పోయి ఒకచోట ఠక్కున నిలబడ్డాడు.

హెడ్‌ఫోన్లలో కిర్రుమని ఇనపగేటు తెరుచుకుంది.

"గడియ వెయ్యి బాబాయ్! తలుపెయ్యి!"

"ఈ కాలుతో లేచి తలుపుదాకా వెళ్ళేసరికి పొద్దుగూకుతుంది తల్లీ..." నవ్వుదామనుకున్నాడు. నవ్వు రాలేదు. "నిమియా... ఎవరో వస్తున్నారు. ఎండ కళ్ళల్లో పడుతోంది, మొహం కనబడ్డం లేదు..."

చెప్పుల చప్పుడు. మెల్లగా. ఆగింది.

అవతల ఊపిరి తీసుకుంటున్నది ఒక్కరే. ఆ ఒక్కరూ దోన్ కసిమీరో.

ఉన్నట్టుండి ఆయన గొంతు విచ్చుకుంది. "ఓసి నీ దుంపతెగ! నువ్వా! చొక్కా కుడిచెయ్యి మడిచి కుట్టుకుని, నువ్వే! పైప్రాణాలు పైనే పోయాయే! ఫోన్లో నాటకాలాడుతూ నడిచొస్తున్నావా?"

"నేనిక్కడున్నాను!" నిమియా అరిచింది. "బాబాయ్, నేను మా ఇంట్లో ఉన్నాను! అది నేను కాదు!"

హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పడేసినట్టున్నాడు, టక్కుమంది. ఆ తర్వాత అన్నీ దూరందూరంగా వినబడ్డాయి. కర్ర టకటక. బల్లమీద పళ్ళెం పెట్టిన చప్పుడు. ఇంకో పళ్ళెం. ఆయన ఏదో అడిగి ఆగుతున్నాడు. జవాబు విన్నట్టు, "అవునా!" అంటున్నాడు. మళ్ళీ ఏదో చెప్పి నవ్వుతున్నాడు. ఎంత చెవులు రిక్కించినా రెండో గొంతు మాత్రం లేదు.

తెరమీద చూపు కదిలింది. చూపు దోన్ కసిమీరో చేతిలోది. ఆయనేమో అవతల వడ్డిస్తున్నాడు. కొండలు, పొగమంచు మెల్లగా పక్కకి జరిగాయి. బేరగాడి వీపు, భుజం, చెంప... మొహం నిమియావైపు పూర్తిగా తిరిగేలోపు ఆమె ప్లగ్గు పీకేసింది.

అరుపులకి అమ్మ లేచొచ్చింది. "సియెస్తా వేళ ఈ గావుకేకలేంటే? దెయ్యం పట్టిందా?"

నిమియా ఫోన్ చేసింది. పదిసార్లు, ఇరవైసార్లు. ఆయన ఎత్తలేదు. కోన్సెప్సియోన్ పోలీసులకి చేస్తే ఎవరో నిద్రగొంతుతో తీశాడు. "అంటే అమ్మా, ఒక ముసలాయన ఇంటికి చుట్టం వచ్చిందని కంప్లైంటా?" అని పెట్టేశాడు. సంఘంలో పెడితే తోబియాస్ ఒక్కడే పలికాడు. "ఎండదెబ్బ తగిలిందేమో అక్కా, నీళ్ళు తాగి పడుకో," అన్నాడు. వాడు వెక్కిరించలేదు. ఆ మాటతో నిమియాకి ఏడుపొచ్చింది. ఆయనకి తనొక్కతే దిక్కు, ఆ తను ఏడాదిగా బద్ధకించింది. ఇప్పుడు ఆయనకేమైనా అయితే ఆ పాపం ఎవరిది?

సాయంత్రం బస్సెక్కింది. రాత్రంతా కంటిమీద కునుకు లేదు. అసున్సియోన్‌లో బస్సు మారింది. దారిలో టైరు పంచరైంది. కోన్సెప్సియోన్‌లో దిగేసరికి మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట. ఊరంతా తలుపులేసుకుని పడుకుంది. అడుగుదామంటే మనిషి లేడు. ఐసు ఫ్యాక్టరీ దొరికింది. సందు దొరికింది. ఆకుపచ్చ గేటుకి లోపలినించి గొలుసు వేసి తాళం పెట్టి ఉంది.

వరండాలో కుర్చీలో ఒక ముసలాయన. ఎడమచెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంది. మోకాలిమీద కుడిచేతి వేళ్ళు దరువు వేస్తున్నాయి.

బతికే ఉన్నాడు! నిమియా గేటు ఊచలు పట్టుకుని నిలబడింది.

"బాబాయ్!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. వేలు పెదాలమీద పెట్టుకుని ఉష్ అన్నాడు. కర్ర పుచ్చుకుని మెల్లగా గేటుదాకా వచ్చాడు. ఇంత ఎడంగానే నిలబడ్డాడు. ఆమె మొహం చూశాడు, మడిచి కుట్టిన చొక్కా కుడిచెయ్యి చూశాడు.

"మెల్లగా," అన్నాడు గుసగుసగా. "పిల్ల పడుకుంది."

"ఏ పిల్ల?"

"మా నిమియా. అంతదూరంనించి వచ్చింది, అలిసిపోయింది."

"నేనే నిమియాని బాబాయ్! నా గొంతు పోల్చుకోలేదా?"

"పోల్చుకున్నాను. అచ్చం దాని గొంతే." ఒక అడుగు వెనక్కి వేశాడు. "అది చెప్పింది. నా వెనకాలే ఒకతి వస్తుంది, నా గొంతుతోనే పిలుస్తుంది, తియ్యకు బాబాయ్ అంది."

"అది అబద్ధం! నీతో కొండలెక్కింది నేను! ఏడాదిపాటు రోజూ నీతో మాట్లాడింది నేను!"

ముసలాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఏడాదిపాటు పిలిచాను," అన్నాడు. "వచ్చింది అది. నువ్వే నిమియావైతే ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

నిమియా ఊచల్లోంచి చెయ్యి చాపింది.

ఆయన ఇంక వెనక్కి చూడకుండా, కాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. లోపల ఎవరితోనో ఏదో అన్నాడు. జవాబు విన్నట్టు నవ్వాడు.

ఎండ మాడిపోతోంది. గేటు పక్కనే తీగమీద ఒకే ఒక్క బట్ట ఆరేసి ఉంది, ఇంకా నీళ్ళు కారుతోంది. పసుపు చారల చొక్కా. అది నిమియాదే, ఇంట్లో బీరువాలో ఉండాలి. కుడిచెయ్యి మోచేతిదాకా మడిచి, అమ్మ కుట్టినట్టే పచ్చదారంతో కుట్టి ఉంది.

ఎడమచెయ్యి కూడా మోచేతిదాకా మడిచి ఉంది. ఆ కుట్టు సగంలో ఆగింది. సూది ఇంకా దారానికే వేలాడుతోంది.