గ్రీజు వద్దన్న కేబుల్

ఏజెంట్ లహరికి వాళ్ళ బాబాయిని శత్రుదేశానికి అప్పగించేయాలని చాలాసార్లు అనిపించింది. కానీ వాళ్ళు రెండోరోజే తిరిగి పంపించేస్తారు.

ఆ బాబాయి ఆంజనేయప్రసాద్ గారికి తాడేపల్లిగూడెంలో స్పేర్ పార్టుల కొట్టు. వెనక గదిలో గూఢచారి విభాగం. ముందు గదిలోనైనా వెనక గదిలోనైనా ఆయన సలహా ఒకటే: గ్రీజు పెట్టు. చేపల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లకు పెట్టే చిక్కటి గ్రీజు. ఇంట్లో కుట్టుమిషనుకూ అదే.

"విదేశీ ముఠా," అన్నారాయన. "డ్రమ్ములో చేపల్ని చంపే వైరస్. పడవలో తెస్తారు. మన తూము దాటితే కలిదిండి చెరువులన్నీ పోయినట్టే."

"ముందే తూము షట్టర్ దించేస్తే?"

"ఇంకో దారి చూసుకుంటారు. పడవ దగ్గరికొచ్చాకే దించాలి. తూము పక్క గుడిసెలో లివర్ లాగితే కేబుల్ కొక్కెం తప్పిస్తుంది. షట్టర్ పడుతుంది. కేబుల్‌కి గ్రీజు దట్టించు."

"కేబుల్ తొడుగు లోపల నైలాన్ లైనింగ్ ఉందండీ. గ్రీజుకి బురద పట్టి బిగుసుకుపోతుంది. పల్చటి సిలికాన్ ఆయిల్ చాలు."

"చాందిని కూడా గ్రీజే అంది. మన విభాగంలో ఫారిన్ ట్రెయినింగ్ అయిన పిల్ల. ఇది ఆర్డర్."

లహరి వెలిసిన చీర కట్టుకుని, చెరువు కాపలామనిషి వేషంలో కొల్లేటి గట్టున ఆ గుడిసెలో దిగింది. చెవిదిద్దులో మైకూ, స్పీకరూ. చుట్టూ నీళ్ళు. పక్షులు గుంపులుగా పోట్లాడుకునేవి. తనకి పోట్లాడేందుకు కూడా మనిషి లేదు. పొద్దున్నే దిద్దులోంచి బాబాయి గొంతు, "మేత వేశారా?" అని కోడ్ వినపడేది. "నీళ్ళు పల్చగా ఉన్నాయి," అనేది. లైను కట్. ఒకరోజు ఉండబట్టలేక, "మీరు భోంచేశారా బాబాయిగారూ?" అంది.

"అది కోడ్‌లో లేదు." కట్.

వచ్చేది చాందిని ఒక్కతే. నల్లకళ్ళద్దాలు, జార్జెట్ చీర, చేపల కంపును ఓడించే సెంటు. క్యారేజీ విప్పి ఇద్దరూ తినేవారు. ఆమె ఇంకాసేపు ఉంటుందని లహరి గిన్నెలు మెల్లగా కడిగేది.

"గ్రీజు వేశావా అక్కా?"

అప్పటికే లహరి కేబుల్ పై కొసన సిలికాన్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేసి, కింది కొసన కారేదాకా ఆగింది. కానీ ఈ పిల్ల బాబాయికి అన్నీ చేరవేస్తుంది.

"నిండా దట్టించాను," అంది.

మర్నాడు సాయంత్రం పడవ వచ్చింది. దాక్కుంటూ కాదు, ఇంజను హోరుతో, దర్జాగా. వెనక ఇద్దరు విదేశీయులు. ముందు డ్రమ్ము. డ్రమ్ము మూత మీద చెయ్యి వేసి చాందిని.

లహరి చెయ్యి లివర్ మీదే ఆగిపోయింది.

"లాగకక్కా," అంది చాందిని జాలిగా. "అది కదలదు. ఉత్తినే చేతులు నొప్పెడతాయి."

లహరి లాగింది. లివర్ వెన్నలో వేలు పెట్టినట్టు జారింది. పడవ ముక్కుకి అడుగు దూరంలో షట్టర్ ధడాలున పడింది. పడవ గుద్దుకుంది, చాందిని వెల్లకిలా పడింది, మూత మూసే ఉంది. కిక్కిస పొదల్లోంచి బాబాయి కాపు పెట్టించిన పోలీసులు లేచారు.

"గ్రీజన్నావుగా!" అరిచింది చాందిని, చేతికి బేడీలు పడుతుంటే.

"నువ్వు బాబాయికి చెప్పేస్తావని అబద్ధమాడాను. అంతేగానీ నీ మీద అనుమానం ఉండి కాదు."

వాళ్ళని తీసుకెళ్ళిపోయారు. గట్టంతా మళ్ళీ ఖాళీ. చాలాసేపటికి దిద్దు గరగరలాడింది.

"తప్పు నాదేనమ్మా. గ్రీజు విషయంలోనూ, ఆ పిల్ల విషయంలోనూ."

"గాలికి సరిగ్గా వినపళ్ళేదండీ. ఇంకోసారి చెప్పండి."

గాలి ఆకైనా కదిలించడం లేదు. లైను కట్ అయిపోతుందేమోనని అడిగింది.

"తప్పు నాదేనన్నాను!" కొట్టులో బేరగాళ్ళందరికీ వినపడేలా అరిచారు బాబాయి.