ముందే తెరిచిన కళ్లు

"నువ్వు చచ్చిపోయి ఎన్నేళ్లయింది, బాబూలాల్?" అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్.

"ఎనిమిదేళ్లు, సార్."

"లోకం దృష్టిలో ఇంకొన్నాళ్లు అలాగే ఉండు. ఈసారి మిషన్ మీ వైపే. కామారెడ్డి."

హైదరాబాద్‌లో డిఫెన్స్ వాళ్ల కొత్త భవనం ముందు నిలబెట్టే విగ్రహం అక్కడ తయారవుతోంది. నాట్లు వేసే ఆడమనిషి విగ్రహం. దాంట్లో ఒక విదేశీ ముఠా బాంబు పెట్టబోతోందని కబురు. కబురు తెచ్చింది మీరా సైగల్. నగరానికి విగ్రహాలు ఎంపిక చేసే ఆర్ట్ కన్సల్టెంట్, డిపార్ట్‌మెంట్‌కు రహస్య ఇన్ఫార్మర్. శిల్పి బాలనర్సయ్య మీద ఒక కన్నేసి ఉంచమని సలహా కూడా ఆమెదే.

గుబురు గడ్డం, చెంప మీద రబ్బరు గాటు. బాబూలాల్ శిల్పి యార్డులో కూలివాడిగా చేరిపోయాడు. బీడీకట్టలో ట్రాన్స్‌మిటర్ ఉంది. మాట్లాడుకోవడానికి మాత్రం చీఫ్ తప్ప లోకంలో ఎవరూ లేరు. ఎల్లారెడ్డి బస్సు కనబడితే చాలు, ప్రాణం కొట్టుకునేది. ఎక్కితే అక్క పార్వతిబాయి ఉండే తండా ఎంతో దూరం లేదు. కానీ చచ్చినవాడికి టికెట్ ఎవరు కొడతారు?

విగ్రహం మీద గుడ్డ తీసేవాడు కాదు బాలనర్సయ్య. "కండ్లు మాత్రం ఆడ నిలవెట్టినంకనే తెరుస్త. అందాక బొమ్మ గుడ్డిదే. మా తాతల కాడికెల్లి గంతే," అన్నాడు.

తరవాత ఒకరోజు పాలిష్ పని పేరుతో మీరా మనుషులు షెడ్డుకు తాళం వేసుకున్నారు. మర్నాడు పొద్దున లారీ వచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని మీరా వచ్చింది. ఆ వెనకే ఆటోలోంచి ఇంకొకామె దిగింది. బాబూలాల్ తలగుడ్డ కళ్ల మీదికి లాక్కున్నాడు.

"నాగిరెడ్డిపేట కాడ నాట్లేస్తుంటే ఈమె పోలికే పట్టిన," అన్నాడు బాలనర్సయ్య.

పార్వతిబాయి సిగ్గుపడుతూ తన విగ్రహం పక్కన నిలబడింది. గుడ్డ తీశారు.

అక్క ముఖమే. కానీ కళ్లు తెరిచి ఉన్నాయి.

"కండ్లు ఎవలు వెట్టిండ్రు?" బాలనర్సయ్య బిత్తరపోయాడు.

బాబూలాల్‌కు అంతా తెలిసిపోయింది. శిల్పి చేసిన పని కాదిది. గాజు కళ్లు, వాటి వెనక కెమెరా, తలలో బాంబు. కంచే చేను మేసింది.

"మంజీర," అన్నాడు బీడీకట్టలోకి. అది కోడ్ వర్డ్. లారీతో పాటు హమాలీల వేషంలో వచ్చిన కమాండోలు కదిలారు. మీరా చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది.

అతను అక్కను పక్కకు తోసి, ఉలితో బొమ్మ కన్ను పెకలించి, లోపలి తీగ తెంపాడు. ఆ క్షణంలోనే రిమోట్ టిక్కుమంది. ఏమీ కాలేదు.

కమాండోలు మీరాను చప్పుడు లేకుండా కారెక్కించారు. యార్డులో మిగతావాళ్లకు కనబడింది ఒకటే: తాగుబోతు కూలీ బొమ్మ ముఖం పాడుచేశాడు. బాలనర్సయ్య కర్ర ఎత్తాడు.

"కొట్టకు అన్నా, పోనియ్," అంది పార్వతిబాయి.

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. అక్కా అన్న పిలుపు అతని నాలుక మీదికి వచ్చింది. మింగేశాడు. ఆమె జొన్నరొట్టెల మూట విప్పి, అందులో ఉల్లిగడ్డ ఏరి కొంగున కట్టుకుని, మిగిలిందంతా అతని చేతిలో పెట్టింది.

"ఇది నీకు వడదు గద," అని, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కింది.

బీడీకట్ట గరగరలాడింది. "నిన్నెవరైనా గుర్తుపట్టారా?"

"లేదు, సార్," అన్నాడు బాబూలాల్ రొట్టె నములుతూ. ఉల్లిగడ్డ లేకపోయినా కళ్లు మండుతూనే ఉన్నాయి.