నాయనమ్మ చంక

పొద్దున్నే కాంతం పొయ్యి రాజేస్తుంటే, రెండేళ్ల కూతురు మరిడి కుంటుకుంటూ వెళ్లి నాయనమ్మ పెద్దింటమ్మ ముందు చేతులు చాపింది. ఎత్తుకుందామని ఆవిడ వంగబోయింది.

"ముట్టుకోకత్తా! దాని కాలు పాడుచేసింది చాలదా?" కాంతం ఒక్క అరుపు అరిచింది.

కొల్లేటి లంకలో ఇంటి చుట్టూ నీళ్లే. పాకే పిల్లలు జారిపడకుండా కాలికి పాత కోక పేలిక చుట్టి, గుంజకి కట్టేస్తారు. ఊరంతా చేసే పనే. పెద్దింటమ్మా అదే చేసింది. తీరా నడక వచ్చేసరికి పిల్ల ఎడంకాలు ఈడుస్తోంది. పేలిక కట్టిందీ ఆ కాలికే! ఇంకేముంది, నేరమంతా ముసలిదాని నెత్తిన పడింది. అంతవరకూ పొద్దస్తమానం ఆవిడ చంకలోనే పెరిగిన పిల్లని కాంతం మళ్లీ ఆవిడ చేతికివ్వలేదు. పెద్దింటమ్మ ఒక్కమాట ఎదురాడితే ఒట్టు. నిజంగా తనే చేశాననుకుంది పిచ్చిది. ముద్ద కూడా సరిగ్గా దిగేది కాదు.

"ఇవాళ ఏలూరు ఆసుపత్రికి పోదాం. అమ్మా, నువ్వూ రా," అన్నాడు కాంతం మొగుడు నూకరాజు.

"నా పాపం డాక్టరు నోట కూడా వినాలంట్రా?" అంటూనే పడవెక్కింది పెద్దింటమ్మ. ఆసుపత్రిలో మాత్రం లోపలికి రాలేదు. వరండాలోనే కూలబడింది.

మద్రాసులో చదువుకొచ్చిన డాక్టరు పిల్లని నడిపించి చూశారు. బల్ల మీద పడుకోబెట్టి మోకాళ్లు మడిచారు. ఎడమ మోకాలు కుడిదానికన్నా కిందికుంది. తొడలు విడదీస్తే ఎడమది సగంలోనే ఆగిపోయింది.

"మా అత్త కాలికి కట్టేసేదండి. అందుకేనాండి?" కాంతం ఆగలేకపోయింది.

"కాదమ్మా. తొడ ఎముక తుంటి గూట్లో కుదురుకోలేదు. పుట్టుకతో వచ్చిందే. ఎముకని గూట్లో కూర్చోబెట్టి పిండికట్టు వేద్దాం. నెలల తరబడి ఉంచాలి. నడక చాలావరకు బాగుపడుతుంది. చంకనెక్కితే కాళ్లెలా ఉంటాయి? అలా ఎడంగా పెట్టి కట్టు వేస్తాం. ఇలాంటి పిల్లల్ని అలా ఎత్తుకోవడం మంచిదే. ఎవరైనా ఎత్తుకునేవారా?"

కాంతం వరండా వైపు చూసింది.

"ఎత్తుకునేదండి... నేనే మాన్పించానండి."

పిల్లని తీసుకుని వరండాలోకి పరిగెత్తింది.

"నీవల్ల కాదంట అత్తా! పుట్టుకతోనే అంట. నా నోరు పడిపోను, నిన్నెన్నేసి మాటలన్నాను!"

"నావల్ల కాదా? నిజంగానా? డాక్టరుగారే అన్నారా?" పెద్దింటమ్మ మళ్లీ మళ్లీ అడిగింది. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

"తిట్టత్తా నన్ను."

"ఎందుకే? కన్నకడుపు. ఎవర్నో ఒకర్ని అనకపోతే నువ్వెలా తట్టుకుంటావు?"

తిట్టినా బాగుండేదనిపించింది కాంతానికి. "ఎత్తుకో," అని పిల్లనందించింది. పెద్దింటమ్మ గభాలున చేతులు వెనక్కి లాక్కుంది.

"వద్దే. నాకు భయం. నేను ముట్టుకుంటే ఏమవుతుందో!"

కాంతం గుండె చెరువైంది. పిల్ల కాలు డాక్టరు చూసుకుంటారు. ఈ భయం మాత్రం తను పెట్టిందే. అత్త పక్కనే కూర్చుని, మరిడిని ఆవిడ చంకకి ఆనించి, తన చెయ్యి కూడా కింద ఆసరా పెట్టింది.

"నేనూ పట్టుకున్నాను అత్తా. వదల్ను," అంది.