వ్యక్తిగత ఆసక్తి: ఉన్నది

"ల్యాబ్ ఉన్నది అని టిక్కు పెట్టారే, కుళాయి తిప్పి చూశారా సార్?"

మొదటి రోజు మొదటి పీరియడ్‌లోనే, పిల్లలందరి ముందూ, కెమిస్ట్రీ టీచర్ అతన్ని అలా అడిగేసింది.

అతను చూడలేదు. విద్యాశాఖ ఆఫీసు నుంచి వచ్చిన పరిశీలకుడతను. ఆ హయ్యర్ సెకండరీ స్కూల్లో పాఠాలు ఎలా చెబుతున్నారో, గదుల్లో ఏమేం పరికరాలున్నాయో ఐదు రోజులపాటు చూసి పన్నెండు పేజీల ఫారం నింపడం అతని పని. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలే అయింది కాబట్టి, ఫారం నిండితే చదువు బాగుపడుతుందని ఇంకా నమ్ముతున్నాడు.

వెళ్లి కుళాయి తిప్పాడు. అదొక మూలుగు మూలిగి ఊరుకుంది.

"మరి బీరువాల నిండా గాజు సామాను ఉంది కదా మేడమ్?"

"ఉంది. తాళంచెవి ప్రిన్సిపాల్ గారి దగ్గరుంది. పిల్లలు ముట్టుకుంటే పగులుతాయని ఆరేళ్లుగా కాపాడుతున్నారు. ఒక్కటీ పగల్లేదు."

బెంచీలన్నీ కిసుక్కుమన్నాయి. అతను తను పెట్టిన టిక్కును కొట్టేసి, చెవులు వేడెక్కుతుండగా చివరి బెంచీలో కూర్చున్నాడు. మధ్యాహ్నానికల్లా పిల్లలు అతనికి 'టిక్కు సార్' అని పేరు పెట్టేశారు.

ఆమె మాత్రం ఇంటి నుంచి తెచ్చిన టీ గ్లాసుల్లో మందార పూల రసం పోసింది. నిమ్మరసం పడితే ఎర్రబడింది, సబ్బునీళ్లు పడితే ఆకుపచ్చగా మారింది.

"మేడమ్, ఉమ్మేస్తే ఏ రంగొస్తుంది?" అన్నాడొకడు.

ఆమె కసురుకోలేదు. "ఏమో, నేనెప్పుడూ చూళ్లేదు. పక్క గ్లాసులో వేసి చూడు," అంది.

పిల్లలు ఎన్ని ప్రశ్నలు అడిగారో లెక్కపెట్టాలని ఫారంలో ఒక గడి ఉంది. పదిహేడు దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత అతను దారి తప్పాడు. ఎటు చూస్తూ తప్పాడో అడక్కూడదు.

మూడో రోజు వాన దంచేసింది. రేకుల కప్పు మీద ఆ మోతకు టీచర్ మాట మొదటి బెంచీకి కూడా అందలేదు. ఆమె మాట్లాడటం మానేసి పాఠమంతా బోర్డు మీదే రాసింది. చివర్లో, 'టిక్కు సార్ కూడా నోట్సు రాసుకోవాలి' అని రాసి అతని వంక చూసింది. అతను బుద్ధిగా రాసుకున్నాడు. ఇంటికెళ్లాక ఆ పేజీని రెండుసార్లు చదివాడు. అందులో ఉన్నది ఆమ్లాల గురించే.

నాలుగో రోజు ప్రిన్సిపాల్ గారు గదిలోకి పిలిచి టీ ఇప్పించారు.

"ఆ అమ్మాయిది టెంపరరీ పోస్టు. మీ రిపోర్టు చూసే పర్మనెంట్ చెయ్యాలా వద్దా అని నేను రాయాలి. మా వసతులు బాగున్నాయని మీరు రాస్తే, ఆవిడ గురించి నేనూ బాగానే రాస్తాను. ఏమంటారు?"

అతను టీ సగంలోనే వదిలేసి బయటికొచ్చి, వరండాలో ఆమెకు ఉన్నదంతా చెప్పేశాడు.

"ఉన్నది ఉన్నట్టు రాయండి," అంది ఆమె. "నా ఉద్యోగం కోసం మీరు ఆ కుళాయిలో నీళ్లు తెప్పించొద్దు."

ఆ మాటతో అతని పని పూర్తిగా అయిపోయింది.

ఉన్నది ఉన్నట్టే రాశాడు. పన్నెండో పేజీలో ఆగిపోయాడు. 'ఈ పాఠశాలలో పరిశీలకునికి బంధుత్వం గానీ వ్యక్తిగత ఆసక్తి గానీ ఉన్నదా?' చదవకుండానే 'లేదు' అని రాసే ప్రశ్న అది. అతను గంటసేపు కూర్చుని, 'ఉన్నది' అని రాసి సంతకం పెట్టాడు.

ఆఫీసు ఆ రిపోర్టును రద్దు చేసింది. ఆ కబురు కారణంతో సహా స్కూలుకి చేరిన పది నిమిషాల్లో అతని ఫోన్ మోగింది.

"అసలు మీకు బుద్ధుందా? మనసులో మాట ముందు ఆఫీసుకి చెబుతారా ఎవరైనా? అదీ రెండు కాపీల్లో!"

"మూడు కాపీలండీ."

అటువైపు ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఈసారి ఆఫీసు ఒక పెద్దావిడను పంపింది. నవ్వితే జీతం కోస్తారన్నట్టుండే మనిషి. వచ్చీ రాగానే ప్రిన్సిపాల్ ముందు చెయ్యి చాచి తాళంచెవి అడిగింది. బీరువాలు తెరుచుకున్నాయి. మొదటి రోజే రెండు టెస్ట్‌ట్యూబులు పగిలాయి, ప్రిన్సిపాల్ గారు ఒంట్లో బాగోక సెలవు పెట్టారు. పెద్దావిడ తన రిపోర్టును నేరుగా డైరెక్టర్‌కే పంపింది. నెల తిరిగేసరికి టీచర్ పోస్టు పర్మనెంట్ అయింది.

ఆర్డరు తీసుకోవడానికి ఆమె ఆఫీసుకొచ్చింది. కాగితం చేతిలో పడ్డాక సరాసరి అతని బల్ల దగ్గరికి నడిచింది.

"ఆవిడ నా బోధనకి పదికి తొమ్మిది వేశారు. మీరెంత వేశారో ఇప్పుడే ఫైల్లో చూశాను. ఏడు!"

"అభిమానంతో వేశానని ఎవరైనా అనుకుంటారేమోనని రెండు తగ్గించానండీ."

"బాగుంది! ఇష్టపడినందుకే రెండు మార్కులు కోశారు. ఇక పెళ్లయ్యాక నాకు పాస్ మార్కులైనా వేస్తారా?"

అనేశాక తనేమన్నదో ఆమెకు తెలిసింది. పక్క బల్ల గుమాస్తా రాయడం ఆపేశాడు.

అతను లేచి నిలబడ్డాడు. ఆమె ముఖం ఎర్రబడింది గానీ, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.